భైరవమూర్తిగారు లేచి నిలబడిన సాయంత్రం

మొన్న మాఘమాసంలో ఒక పెళ్లికి వెళ్లాను. నా పక్క కుర్చీలో ఎవరో పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు. ఏడాది పొడుగునా పెట్టెలో పడుండి ఆ పూటకే బయటికి వచ్చిన ఉన్ని కోటు తొడుక్కున్నాడు. కలరా ఉండల వాసన గుప్పుమంది. దాని అడుగున, ఎప్పుడో కాల్చిన చుట్ట వాసన పలచగా తగిలింది. సన్నాయి మోగుతోంది, పిల్లలు కుర్చీల మధ్య పరుగులు తీస్తున్నారు, పందిరి సందుల్లోంచి ఎండ పడుతోంది. అయినా నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తాళి కట్టేవరకైనా ఆగకుండా లేచి వెనక వరసలోకి వెళ్లిపోయాను. "ఏమైందమ్మా?" అని ఎవరో అడిగితే ఉక్కగా ఉందన్నాను. భైరవమూర్తిగారి గురించి రాయాలని అప్పుడే అనుకున్నాను.

ఆయన్ని ఎరిగినవాళ్లు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. విజయనగరంలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా ఉండేవారు. పగలంతా దావాలు రాయడం, సాయంత్రం నాటకాలు రాయడం. మధ్యలో ఎవరి మీదనైనా కోపం వస్తే పద్యం. అచ్చయినవి తక్కువ, జనం నోట్లో ఆడినవి ఎక్కువ. సన్నగా, కొద్దిగా వంగి, భుజం మీద మడత పెట్టిన కండువాతో నడిచేవారు. తన హాస్యానికి తాను నవ్వేవారు కాదు. ఒకసారి ఊళ్లో ఒక పెద్దాయన సన్మానసభలో భైరవమూర్తిగారు ఆయన్ని పొగుడుతూ పద్యాలు చదివారు. జనం చప్పట్లు కొట్టారు, ఆ పెద్దాయన పొంగిపోయి తన మెడలో దండ తీసి ఈయన మెడలో వేశాడు. ఇంటికి వెళ్లి భోంచేసి పడుకున్నాక గానీ ఆ పద్యాలు తిట్లని ఆ పెద్దాయనకి తట్టలేదట. "అంతసేపు పట్టిందా?" అని నేను నవ్వితే, "దండ వేశాక అర్థమైనా పరవాలేదమ్మా, వెయ్యకముందు అర్థమైతేనే చిక్కు" అన్నారు, కాగితం మీంచి తల ఎత్తకుండా.

నేను ఆడపిల్లల బడిలో టీచరుగా కొత్తగా చేరిన రోజులవి. బడి వార్షికోత్సవానికి ఆయన్ని పిలిచారు. నాటికలో ఒక పిల్ల మాట మరిచిపోయి నిలబడిపోతే తెర పక్క నుంచి నేను అందించాను. అంతా అయ్యాక ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"ఆ పిల్లకి అందించింది నువ్వేనా?"

"అవునండీ. బయటికి వినబడిందా?"

"లేదు. ముందు వరసలో కూర్చున్న నాకే వినపడలేదు. పిల్లకి మాత్రం వినపడింది. మా నాటకాలకి వచ్చి ఆ పని చెయ్యి."

"ఇంట్లో ఒప్పుకోరండీ."

"తెర వెనకాల ఉంటావు, నిన్నెవరూ చూడరు. నన్నూ ఎవరూ చూడరు. మనిద్దరం దెయ్యాల్లాంటివాళ్లం" అన్నారు. ఆ ముక్క మా అమ్మతో అనకుండా మిగతాదంతా చెప్పి ఒప్పించాను. అలా ఆయన నాటకాలకి ప్రాంప్టరునయ్యాను. ఆయన నేర్పిన మొదటి పాఠం ఇది: "నటుడు ఆగాడంటే మరిచిపోయి ఉండాలి, లేదా నటిస్తూ ఉండాలి. రెండింట్లో ఏదో పోల్చుకోకుండా నోరు విప్పకు." మనిషి మౌనాన్ని పోల్చుకోవడం అప్పటినుంచి నాకు అలవాటైపోయింది.

ఆయన నాటకాల్లో పేరొచ్చింది 'పెద్దకర్మ'. ఒక కామందుకి తను పోయాక జనం ఏమనుకుంటారో వినాలని కోరిక పుడుతుంది. బతికుండగానే తన పెద్దకర్మ తానే చేయించుకుంటాడు. రైతులందరూ వరసగా వచ్చి ఏడ్చి, తనని పొగడాలి. ఆ కామందు వేషం అప్పలస్వామిది. జూటు మిల్లులో పనిచేసేవాడు. నల్లగా, బారుగా, ఇత్తడి గంట లాంటి గొంతుతో ఉండేవాడు. రెండో అంకంలో అతను చేతికర్ర నేలకేసి కొట్టి, "ఏడండిరా నా కళ్లముందర, ఎవుడేడిసేడో సూసుకుంతాను. ఏడవనోడి బూమి ఏరేవోడి పేరున రాసీత్తాను" అని అరిచేసరికి జనం పొట్టలు పట్టుకునేవారు. విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా ఆ నవ్వుకి అప్పలస్వామి ఆగేవాడు. అది నటించే ఆగడం. నేను నోరు విప్పేదాన్ని కాదు.

ఆ కామందు కల్పన కాదని మా అందరికీ తెలుసు. శృంగవరపుకోట దాటాక, కొండల వైపు ఒక ఊళ్లో ఉండేవాడు. ఊరంతా పెదబాబుగారనేది. రైతుల మీద ఆయన వేసిన దావాలు భైరవమూర్తిగారి చేతిమీదుగానే నడిచాయి. పెదబాబుగారు ఆఫీసు మెట్లెక్కుతూ ఉంటే ప్లీడరుగారితో సహా అందరూ లేచేవారని భైరవమూర్తిగారే చెప్పారు. పెదబాబుగారు విశాఖపట్నం ఆస్పత్రిలో పోయారు. కార్యం అక్కడే జరిగిపోయింది. ఆ తరవాతే ఈ నాటకం పుట్టింది.

ఒక రోజు రిహార్సలు గదికి ఆ ఊరి నుంచి ఒక మనిషి వచ్చాడు. పెదబాబుగారి భార్య సూరమ్మగారు పంపారట. "మా ఊళ్లో, మా ఇంటి ముందర ఆ నాటకం ఆడాలని అమ్మగోరు సెప్పమన్నారు" అన్నాడు. అతను వెళ్లాక అప్పలస్వామి మెల్లిగా అన్నాడు: "పిలిసి కొడతారేటి బాబూ?"

భైరవమూర్తిగారు కండువా తీసి మళ్లీ మడత పెట్టుకున్నారు. "కొడితే ఒక విధంగా నయమే. వెళ్లకపోతే మటుకు నాటకం రాసింది నేను కాదని చెప్పుకున్నట్టవుతుంది" అన్నారు.

ఆ రోజుల్లో కొండల వైపు పోలీసుల తిరుగుడు ఎక్కువ. చీకటి పడకముందే జనం ఇళ్లకి చేరాలన్నారని నాటకం మధ్యాహ్నం పెట్టుకున్నాం. శృంగవరపుకోట దాకా బస్సులో వెళ్లి, అక్కడినుంచి బండి కట్టించుకున్నాం. ఊళ్లోకి వెళ్లేసరికి ఎండ తెల్లగా కాస్తోంది. ఎక్కడా కుక్క కూడా మొరగలేదు. ఆ వీధిలో నేను మొదట చూసింది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. నెత్తిన గడ్డిమోపుతో ఒక మనిషి వస్తున్నాడు. పెదబాబుగారి ఇల్లు సమీపించగానే మోపు జారకుండా వంగి, చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. ఇల్లు దాటాక తొడుక్కున్నాడు. అరుగు మీద ఎవరూ లేరు. ఒక ఖాళీ పడక కుర్చీ మాత్రం ఉంది. వెనక వస్తున్న ఆడమనిషి కూడా ఆ కుర్చీ వైపు చూడకుండా, తల వంచుకుని, గోడవారగా నడిచి వెళ్లింది.

ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి సూరమ్మగారు నన్ను లోపలికి పిలిచారు. పొట్టిగా, తెల్లగా ఉండే మనిషి. ఇంత ఇల్లు, ఇన్ని గదులు, ఎక్కడా చప్పుడు లేదు. మంచినీళ్లిచ్చి నా ఎదురుగా కింద కూర్చున్నారు.

"నువ్వేటి వేషం కడతావమ్మా?"

"వేషం లేదండీ. మాటలు అందిస్తాను."

"ఆ నాటకం సూసి టౌనులో అందరూ నవ్వుతారట. నిజివేనా?"

నేను మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాను. ఆవిడే మళ్లీ అన్నారు: "దాయక్కర్నేదు. కోపం నేదు నాకు. ఆయన ఆస్పత్రిలో పోనారు. ఈ ఊరోళ్లెవరూ సూణ్ణేదు. నాను సూసేను గానీ, ఇంటికొచ్చీసరికి సూణ్ణట్టే ఐపోనాది. ఇప్పుడికీ గాదె తలుపు తీసీముందు లోపలికి తిరిగి 'తీత్తన్నాను' అని సెప్పీసి తీత్తాను. సెప్పకపోతే సెయ్యి ఆడదు. ఆయన పోయినట్టు ఊరికి తెలీదమ్మా. నాకూ తెలీదు." వాకిలి వైపు చూస్తూ, "ఈ వాకిట్లో ఎవరూ నవ్వగా నాను ఇన్లేదు. ఒక్కపాలి నవ్వితే తెలుస్తాదేమో" అన్నారు.

అంత మామూలుగా అన్నారు, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు. నేను ఆవిడ వెనకున్న గది వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను.

లేచి పెట్టె తెరిచి ఒక కోటు తీశారు. కలరా ఉండల వాసన, చుట్ట వాసన. "ఆయన్ది. వేషం కట్టినోడికి ఇయ్యి" అన్నారు. తీసుకెళ్లి భైరవమూర్తిగారికి చూపించాను. ఆయన దాన్ని చేత్తో ముట్టుకోలేదు. "ఆవిడ ఇచ్చారుగా, తొడుక్కోనీ" అన్నారు. కొలిచి కుట్టినట్టు అప్పలస్వామికి అది సరిపోయింది.

పడక కుర్చీని కదపకుండా అరుగునే వేదికగా చేసుకున్నాం. పక్కన స్తంభానికి ఒక దుప్పటి కట్టి దాని వెనక నేను నిలబడ్డాను. వాకిలి నిండా జనం. పెదబాబుగారి పేరు పెట్టకపోయినా ఎవరి కథో వాళ్లకి ముందే తెలుసు. భైరవమూర్తిగారికి ముందువైపు ఒక కుర్చీ వేశారు. సూరమ్మగారు ఇంటి గడప లోపల, తలుపు వారగా కూర్చున్నారు. అప్పలస్వామి మీసం దువ్వుకుంటూ, కర్ర తాటిస్తూ బయటికి వచ్చాడు. టౌనులో ఆ నడకకే ఈలలు పడేవి. ఇక్కడ జనమంతా లేచి నిలబడ్డారు. మగవాళ్లు తలగుడ్డలు తీసేశారు. అప్పలస్వామి ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేను వాక్యం అందించాను. అతను చెప్పాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కూర్చోలేదు. మొదటి అంకమంతా అలాగే నడిచింది. నవ్వు కోసం రాసిన మాటలు ఒక్కొక్కటీ ఆ వాకిట్లో పడి చప్పుడు లేకుండా ఉండిపోయాయి. వాటిలో హాస్యం ఎక్కడుందో చివరికి నాకే తెలియలేదు. భయపెట్టడానికి రాసిన మాటల్లాగే ఉన్నాయి.

రెండో అంకం. అప్పలస్వామి కర్ర నేలకేసి కొట్టి, "ఏడండిరా నా కళ్లముందర" అన్నాడు.

వాళ్లు ఏడ్చారు.

ముందు ఒక ముసలామె మొదలుపెట్టింది. తరవాత పక్కనున్న ఆడవాళ్లు. చావింట్లో రాగం తీసినట్టు, గుండెలు బాదుకుంటూ. మగవాళ్లు కండువాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలి రైతు జనంలోంచి ముందుకొచ్చి, అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడి, "ఏడుత్తన్నాం బాబూ, అందరం ఏడుత్తన్నాం" అన్నాడు. ఆ ముసలాయన కంట్లో చుక్క నీరు లేదు. అప్పలస్వామి ఆగిపోయాడు. మరిచిపోయాడా, నటిస్తున్నాడా అని చూశాను. రెండూ కాదు. ఆ ఆగడం నేను ఎరిగినది కాదు. వాక్యం అందించాను. అతను వినలేదు. ఎండ కొండ మీదికి వెళ్లిపోతోంది. అరుగు మీద నీడ పడింది. అప్పలస్వామి మెల్లిగా ఇంటి గుమ్మం వైపు తిరిగి, ఎప్పుడూ పలకని ఒక మెత్తటి గొంతుతో అన్నాడు:

"ఒలే సూరీ, సీకటడిపోతన్నాది. దీపం ఎట్టనేదేటే?"

ఆ మాట నాటకంలో లేదు. కామందు భార్యకి భైరవమూర్తిగారు అసలు పేరే పెట్టలేదు. ఊరంతా ఆవిణ్ణి అమ్మగోరనే అంటుంది. నా చేతిలో కాగితాలు చల్లగా అయిపోయాయి. లోపల్నుంచి సూరమ్మగారి గొంతు వినిపించింది, వెంటనే, ఏళ్ల తరబడి అలవాటైన జవాబులా: "ఎడతన్నాను, ఎడతన్నాను."

అప్పుడే భైరవమూర్తిగారి వైపు చూశాను. ఆయన కుర్చీలో లేరు. లేచి నిలబడి ఉన్నారు. భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకున్నారు. తల వంచుకున్నారు. ఊరితో పాటు, అచ్చం ఊరిలాగే.

సూరమ్మగారు దీపం పట్టుకుని గడప దాటి వచ్చారు. ఏడుపులు ఆగిపోయాయి. ఆవిడ నేరుగా అప్పలస్వామి దగ్గరికి వెళ్లి దీపం ఎత్తి మొహం చూశారు. చాలాసేపు చూశారు. ఆవిడ రెండో చెయ్యి చాపి, మీసం కొస పట్టుకున్నారు. చెమటకి బంక వదిలినట్టుంది, మీసం ఊడి ఆవిడ వేళ్లకి అంటుకుంది. దాన్ని దీపం దగ్గర పెట్టి చూసుకున్నారు.

"మీసం ఊడొచ్చీసినాదిరా" అన్నారు. అని నవ్వారు.

ఆ నవ్వు గురించి సరిగ్గా చెప్పలేను. మొదట దగ్గులా ఉంది. గొంతులో ఏదో తుప్పు పట్టిన గడియ తీస్తున్నట్టు, ఆగి ఆగి వచ్చింది. ఏడుపు కన్నా భయమేసింది వినడానికి. అరుగు కింద చేతులు కట్టుకున్న ముసలాయన ఆవిడ మొహం వైపు, ఆవిడ వేళ్ల మధ్య ఆడుతున్న మీసం వైపు చూశాడు. "అమ్మగోరు నవ్వుతన్నారు" అన్నాడు, వెనకనున్నవాళ్లకి కబురు చెప్పినట్టు. తరవాత అతనూ నవ్వాడు. ఆ వెనక ఎవరో. చూస్తుండగా వాకిలంతా నవ్వింది. నోళ్లు నవ్వుతున్నాయి, కళ్లు మాత్రం చాలాసేపు ఆ ఖాళీ పడక కుర్చీ మీదే ఉన్నాయి. నాటకం అక్కడితో ఆగిపోయింది. మూడో అంకం ఎవరూ అడగలేదు.

సూరమ్మగారు కోటు విప్పించి ఆ ముసలి రైతుకి ఇవ్వబోయారు. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. తరవాత దాన్ని కంది చేలో దిష్టిబొమ్మకి తొడిగించారని విన్నాం. ఆ ఏడాది ఆ చేను మీద కాకి వాలలేదట. పై ఏడాది వాలాయట.

తిరుగు బండిలో అప్పలస్వామి దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. "కోటు ఇప్పీసినా బరువు దిగనేదు బాబూ" అన్నాడు. దీపం మాట ఎలా వచ్చిందని అడిగాను. "ఏ దీపం?" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే. ఆ ఇంట్లో ఎవరో ఆవిణ్ణి అలా పిలవగా అతని చెవిన పడిందో, సాయంత్రమైంది కదా అని నోటికి వచ్చిందో, ఇంకేమైనానో నాకు ఇవాళ్టికీ తెలియదు. తెలిసినట్టు రాయను.

కోట దగ్గర పడుతుండగా భైరవమూర్తిగారు మొదటిసారి నోరు విప్పారు.

"నేను లేచాను. చూశావా అమ్మాయీ?"

"చూశానండీ."

"నన్నెవరూ లెమ్మనలేదు."

"ఊరంతా లేచిందండీ, మీరొక్కరే కాదు."

"ఊరికి ఆయన కింద భూములున్నాయి. నాకేముంది? ఆయన బతికుండగా నేనొక్క పద్యం కట్టలేదు. పోయాక నాటకం కట్టి, టౌనులో కూర్చుని నాలుగు ఈలలు వేయించుకుని, అదే ధైర్యమనుకున్నాను." ఒడిలో ఉన్న కండువా తీసి మళ్లీ మడత పెట్టుకున్నారు. తరవాత, "ఆ నాటకంలో ఒక వేషం తక్కువైంది" అన్నారు.

ఆ వేషం ఆయన రాశారు. ఒక గుమాస్తా. చివరి అంకంలో కామందు నిజంగానే చచ్చిపోయాడని రూఢి చేసుకుని గాని ఎగతాళి పద్యం మొదలుపెట్టడు. ప్రతి పాదానికీ ఆగి, శవం కదులుతోందేమోనని తొంగి చూస్తాడు. చివరికి ఖాళీ కుర్చీని చూసి లేచి నిలబడి కండువా చంకలో పెట్టుకుంటాడు. అంతవరకు నటుడిగా వేదిక ఎక్కని మనిషి, ఆ వేషం తనే కట్టారు. విజయనగరంలో మొదటిసారి ఆడినప్పుడు జనం కుర్చీల్లోంచి దొర్లారు. కోర్టు గుమాస్తాలు ముందు వరసలో కూర్చుని ఆయన పేరు పెట్టి మరీ అరిచారు. తెర వెనక నుంచి నేను ఆయన్ని చూస్తూ ఉన్నాను. ఖాళీ కుర్చీ ముందు లేచి నిలబడిన ప్రతిసారీ ఆయన మెడ వెనక నరం బిగుసుకునేది. అది నటన కాదని నాకొక్కదానికే తెలుసు. అయినా ఊరు మార్చి ఊరు ఆడారు. ఒకసారి వేషం తీస్తూ అన్నారు: "మొదట్లో లేచేటప్పుడు కాళ్లు వణికేవి. ఇప్పుడు మోకాలు నొప్పి ఒక్కటే మిగిలింది. నయమైనట్టే."

నాలుగేళ్లు గడవకుండానే ఆయన పోయారు. ఆయన పద్యాలు కొన్ని నాకు నోటికి వచ్చు. అడిగినవాళ్లకి చెబుతూ ఉంటాను. కానీ నాకు ఆయన ఇచ్చి వెళ్లింది పద్యాలు కావు.

చాలా ఏళ్లకి నేను ఒక బడికి పెద్ద పంతులమ్మనయ్యాను. ఒక రోజు మధ్యాహ్నం గోలగా ఉన్న తరగతిలోకి వెళ్లి ఒక్క మాట అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు. గది మొత్తం లేచి నిలబడింది. పిల్లలు తలలు వంచుకున్నారు. ముందు బెంచీలో ఒక పిల్ల, నేనేమీ అడక్కుండానే, "రాత్తన్నామండీ, అందరం రాత్తన్నాం" అంది. ఆ పిల్ల చేతిలో పెన్సిలు లేదు. పెదబాబుగారి గొంతు నేను ఎన్నడూ వినలేదు. కానీ అప్పుడే ఆ గదిలో అది పలికిందని, పలికింది నా నోరేనని నాకు తోచింది. తలుపు పట్టుకుని కాసేపు నిలబడిపోయాను.

ఆ ఏడాది వార్షికోత్సవంలో ఒక కొత్త అంశం పెట్టించాను. పెద్ద పంతులమ్మని అనుకరించాలి. ఎవరు ముందుకొస్తే వాళ్లే. పిల్లలు నమ్మలేదు. చివరికి పొడుగాటి పిల్ల ఒకతి ఒప్పుకుంది. నా కళ్లజోడు ముక్కు చివరకి జార్చి, చేతులు వెనక్కి కట్టుకుని, నేను నడిచినట్టే వేదిక మీద నడిచింది. నా మాటే, నా విరుపే. చాలా బాగా చేసింది. ఎవరూ నవ్వలేదు. టీచర్లు, పిల్లలు, తల్లిదండ్రులు, అందరూ నా మొహం వైపు చూస్తున్నారు. ఆ పిల్ల మాట మధ్యలో ఆగిపోయి నా వైపు చూసింది. మరిచిపోయి ఆగింది కాదు, నటిస్తూ ఆగింది కాదు. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు.

మొదట దగ్గే వచ్చింది. అయినా నవ్వాను. నేను నవ్వేదాకా ఆ హాల్లో ఇంకెవరూ నవ్వరని తెలుసు గనక, ముందు వరసలో, అందరికీ కనబడేలా కూర్చుని, గట్టిగా నవ్వాను.